చిల్కానగర్ బర్రె, దమ్మాయిగూడ దూడ

నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు పశువుల దవాఖానాలో సహాయకుడిగా పనిచేశాను. సూదులు వేయడం, పుండ్లు కడగడం, ఎదకు వచ్చిన బర్రెలకు గర్భం కట్టించడం, ఈనే వేళకు పక్కన నిలబడడం నా పని. అయినా ఉప్పల్, నాచారం, చిల్కానగర్ కొట్టాల్లో అందరూ నన్ను డాక్టర్ సాబ్ అనేవాళ్లు. మొదట్లో ఒకరిద్దరికి "నేను కాంపౌండర్‌ను" అని చెప్పి చూశాను. "సరే డాక్టర్ సాబ్" అన్నారు. ఆ తర్వాత దిద్దడం మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పాలనుకున్న సంగతి ఆ మానేయడం దగ్గరే మొదలవుతుంది.

మా దవాఖానా సర్కారుది కాదు. పాలు పోసేవాళ్లు కలిసి పెట్టుకున్న చిన్న సంఘానిది. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో, రేకుల కప్పు కింద రెండు గదులు. ఇప్పుడు ఆ సంఘమూ లేదు, ఆ రేకులూ లేవు. కాని పొద్దున్నే మెలకువ వచ్చినప్పుడు నా చెయ్యి ఇంకా స్కూటర్ తాళం కోసం కిటికీ దగ్గరికి పోతుంది. మూసీ ఒడ్డున కోసిన పచ్చగడ్డి మోపులు ఆటోల్లో వచ్చేవి. పైన మెట్రో పోతుంటే కింద, అపార్టుమెంట్ల నడుమ మిగిలిన ఖాళీ ప్లాట్లలో, బర్రెలు నెమరు వేస్తూ పడుకునేవి. కొట్టంలోకి అడుగు పెట్టగానే పేడ, తవుడు, వెచ్చటి పాల వాసన కలిసి ముఖానికి తగిలేది. ఆ వాసన ఇప్పుడు ఈ వైపు ఎక్కడా దొరకదు. నేను వెతికాను కాబట్టి చెబుతున్నాను.

దవాఖానాలో ముగ్గురమే. అటెండర్ వరంగల్ వైపు పెద్దాయన. చదువు లేదు కాని, బర్రె తోక దగ్గర ఎముకలు జారిన తీరు చూసి ఎల్లుండి ఈనుతుందో ఇవాళే ఈనుతుందో చెప్పేవాడు. నన్ను తమ్మీ అనేవాడు. డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చి అప్పటికి రెండేళ్లు. మా పెద్దమ్మాయి ఈడుది. నన్ను అంకుల్ అని పిలిచేది. నేను పైకి మేడం అనేవాణ్ని, మనసులో మాత్రం పాప అనుకునేవాణ్ని. పాపకు పుస్తకాలు తెలుసు, బర్రెలు నాకు తెలుసు అనుకునేవాణ్ని.

చిల్కానగర్‌లో ఒక ఖాళీ ప్లాటులో ఒకామె బర్రెను పెట్టుకుని ఉండేది. జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త నాచారంలో ఒక కంపెనీలో మిషన్ మీద పని చేసేవాడు. కొట్టం పని, పాల పని అంతా ఆమెదే. ఉన్నది ఒకటే బర్రె. అది ఆమె తల్లి సాకిన బర్రెకు పుట్టింది. తల్లి పోయింది, ఆ పాత బర్రె పోయింది, ఇది మిగిలింది. మూడు ఈతల్లో మూడూ మొగ దూడలే పుట్టాయి. నాలుగోసారి గర్భం కట్టించింది నేనే. ఆ రోజు ఆమె బర్రె వీపు మీద చెయ్యి వేసి, "ఈపారి పెయ్య దుడ్డె అయితే దీని తావుల నిలవడ్తది సార్. మా అమ్మ బర్రె ఇంకా ఉన్నట్టే ఉంటది" అంది. ఆడ దూడ నా చేతిలో ఉన్నట్టు, "అయితది, ఫికర్ చెయ్యకు" అన్నాను నేను.

బతుకమ్మకు వారం ముందు, పొద్దున తొమ్మిదింటికి ఆమె ఫోన్ చేసింది. తెల్లవారకముందు నుంచి బర్రె ముక్కుతోంది, ఉమ్మనీరు పోయింది, దూడ రావడం లేదు. అటెండర్‌ను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను. డాక్టరమ్మ అప్పటికే మల్కాజిగిరిలో ఇంకో కేసు మీద ఉంది.

బర్రె పడుకుని ఉంది. రెండు గిట్టలు బయటికి కనిపిస్తున్నాయి. గిట్టల అడుగు భాగం నేల వైపు ఉంది కాబట్టి అవి ముందు కాళ్లు. దూడ సరిగ్గా వస్తుంటే ఆ కాళ్ల మీద తల ఆనించుకుని, ఈత కొట్టేవాడిలా వస్తుంది. గిట్టల వెనకే మూతి అందాలి. అందకపోతే తల పక్కకో వెనక్కో తిరిగిందని అర్థం. అప్పుడు దూడను లోపలికి నెట్టి, తల తిప్పి, ఆ తర్వాతే లాగాలి. ఇది ఈ పనిలో మొదటి వారం నేర్పే పాఠం. నేనే ఎంతోమందికి నేర్పాను.

చేతులు కడుక్కోవడానికి సబ్బు తీశాను. ఆమె చెంబుతో నీళ్లు పోస్తోంది. అప్పుడే ఫోన్ మోగింది. అటెండర్ దాన్ని నా చెవి దగ్గర పెట్టాడు.

"అంకుల్, చెక్ చేసిన్రా? తల తగిలిందా?" అంది డాక్టరమ్మ.

"తగిలింది మేడం. నార్మల్ కేసే. మీరు రానవసరం లేదు" అన్నాను.

ఎందుకలా అన్నానో ఆ రోజు నుంచి చాలాసార్లు ఆలోచించాను. బద్ధకం కాదు, తొందర కూడా కాదు. ఆ అమ్మాయి నన్ను ఆ ప్రశ్న అడగడమే నాకు నచ్చలేదు. ఎట్లాగూ రెండు నిమిషాల్లో చెయ్యి పెట్టి చూస్తాను కదా అనుకున్నాను.

చెయ్యి పెట్టాను. కాని మణికట్టు దాటి కొంచెమే వెళ్లింది. దూడ మోకాళ్లు తగిలాయి. బర్రె గట్టిగా ముక్కింది, నా చెయ్యి నలిగింది, బయటికి తీశాను. తల ఇంకొంచెం లోపల ఉంటుందిలే అని కాళ్లకు తాడు కట్టాను.

అటెండర్ వంగి చూసి, "తమ్మీ, ముట్టె కనవడ్తలేదు" అన్నాడు మెల్లగా.

"వస్తదిలే పెద్దయ్యా, గుంజు."

ఆయన, నేను, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన ఆమె భర్త, ముగ్గురం గుంజాము. గుంజిన కొద్దీ తల ఇంకా వెనక్కి మడత పడుతుందని నాకు తెలుసు. తెలిసిన సంగతి ఆ వేళ గుర్తుకు రాలేదని చెప్పుకోవచ్చు. గుర్తుకు వచ్చింది. ఆపితే డాక్టరమ్మకు ఫోన్ చేయాలి, అది మనసు ఒప్పలేదు. గంట దాటింది. బర్రె ముక్కడం కూడా మానేసింది. అప్పుడు ఫోన్ చేశాను.

డాక్టరమ్మ హబ్సిగూడ ట్రాఫిక్‌లో పడి వచ్చింది. పేడ నేల మీద పక్కకు పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టింది. చెమట కళ్లలోకి కారుతుంటే బర్రె డొక్కకు ముఖం తుడుచుకుంటూ దూడను నెట్టి, తిప్పి, నెట్టి, చివరికి తల ముందుకు తెచ్చింది. తెచ్చాక దూడ తేలిగ్గానే వచ్చింది. నాలుక నీలంగా వేలాడుతోంది. ఆడ దూడ.

బర్రెను సాకే ఇంటామె ఒక గోనెసంచి తెచ్చి దూడను రుద్దింది. ముక్కులో గడ్డిపోచ పెట్టింది, నోట్లో ఊదింది. నేను వెనక కాళ్లు పట్టి ఎత్తాను. ఏదీ పనిచేయలేదు. ఇంతలో బర్రె ఎట్లాగో లేచి నిలబడింది, తిరిగి చూసి, తాడు సాగినంత మేర వచ్చి దూడను నాకడం మొదలుపెట్టింది. ముఖం, మెడ, కడుపు, తోక కింద, మళ్లీ ముఖం. దూడ లేవడానికి సాయం చేస్తున్నట్టు మూతితో తోసేది. ఒక గంట నాకింది. ఎవరమూ దాన్ని ఆపలేకపోయాము.

"దుడ్డె లోపట్నే అడ్డం తిరిగిందమ్మా. దేవుని నిర్ణయం, మనమేం జేస్తం" అన్నాను ఇంటామెతో.

ఆదివారం చర్చిలో నిలబడి బైబిలు చదివేవాణ్ని నేను. దేవుడి పేరు అట్లా వాడుకున్నాను. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నా వైపు చూసింది. 

దవాఖానాకు వచ్చాక ఆమె కేసు కాగితం నింపింది. కారణం అనే చోట మాత్రం ఖాళీ వదిలి, కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇది మీరు రాయండి అంకుల్" అని బయటికి వెళ్లింది. "తల వెనక్కి తిరిగి ఉండడం" అని రాశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆమె చదివి సంతకం చేసింది. ఆ తర్వాత కొన్ని రోజులు నన్ను అంకుల్ అనలేదు, ఏ పిలుపూ లేకుండానే మాట్లాడింది.

మరునాటి నుంచి అసలు కష్టం మొదలైంది. పొదుగు నిండా పాలున్నా బర్రె ఇయ్యదు. దూడ మూతి తగలాలి, దూడ వాసన అందాలి, అప్పుడే పాలు చేపుతుంది. ఆవు కొంత సర్దుకుంటుంది కాని బర్రెకు ఈ పట్టింపు ఎక్కువ. తన బిడ్డ కోసం దాచింది ఇంకొకరికి పోకుండా అది చేసుకున్న ఏర్పాటు అది. ఆ బర్రె మేత ముట్టలేదు. దూడను పడుకోబెట్టిన మూలకు తిరిగి నిలబడి పొద్దంతా అరిచేది. మూడు రోజులకు గొంతు బొంగురు పోయింది. పక్క అపార్టుమెంట్ వాళ్లు వచ్చి ఈ గోల ఎన్నాళ్లని అడిగిపోయారు. పొదుగు రాయిలా గట్టిపడుతోంది.

భర్త నన్ను పక్కకు పిలిచి, "పాలు దిగే సూది ఉంటదట గద సార్. రోజూ ఏసుకుంటం. లేకుంటే కోతోళ్లకు ఇచ్చుడే" అన్నాడు. ఆ సూది చాలాచోట్ల చాటుగా వాడతారు. నేను ఇవ్వనన్నాను. ఆ వారంలో నేను చేసిన సరైన పని అదొక్కటే.

అంతకు ముందే, రెండో రోజున, అటెండర్ ఇంకో మాట చెప్పాడు. వాళ్ల వైపు దూడ చనిపోతే తోలు ఒలిచి, లోపల గడ్డి కూరి, నాలుగు పుల్లల మీద నిలబెట్టి బర్రె ముందు పెడతారు. బర్రె దాన్ని నాకుతూ పాలిస్తుంది. "పూడ్చి ఒక్క దినమే ఆయె, తవ్వితే తోలు పనికొస్తది" అన్నాడు.

ఇంటామె అప్పటిదాకా ఏడవలేదు. "సచ్చిన బిడ్డను ముందల నిలవెట్టి దాని పాలు పిండుకోవాల్నా పెద్దయ్యా?" అంది. "దానికి తెల్వదు కావచ్చు. నాకు తెలుస్తది గద." కొట్టం వెనక పసుపు చల్లి పూడ్చిన చోటు వైపు చూస్తూ కూర్చుంది. అటెండర్ తువ్వాల దులుపుకుని, "నిజమే బిడ్డా" అన్నాడు.

నేను తెలిసిన ప్రతి కొట్టానికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. తల్లి లేని దూడ ఎక్కడైనా ఉందా అని. నాలుగో రోజు దమ్మాయిగూడ నుంచి ఒకాయన ఉందన్నాడు. ఈనిన రెండో రోజే బర్రె పడిపోయి చనిపోయిందట. దూడకు వారం. అటెండర్, నేను ఆటో ట్రాలీ మాట్లాడుకుని వెళ్లాము.

ఒక కొత్త కాలనీ చివర, ఇసుక కుప్ప పక్కన కట్టేసి ఉంది. ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. మొగ దూడ.

"మొగదాన్ని నేనేం జేస్కుంట సార్. పాలు పట్టుడు దండుగ. తీస్కపోండ్రి" అన్నాడు ఆయన. మంచివాడే. అందరూ అనే మాటే అన్నాడు. బర్రెకు మొగ దూడ పుడితే ఈ ఊర్లో దానికి పెట్టే పాలు ఎప్పుడూ తక్కువే. చనిపోతే ఎవరూ నన్ను పిలవరు.

ట్రాలీలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా చూపుడు వేలు నోట్లోకి తీసుకుని చప్పరించడం మొదలుపెట్టింది. అందులో ఏమీ రాదని దానికి తెలియలేదు. చిల్కానగర్ చేరేదాకా వదల్లేదు. అటెండర్ చూసి చూసి, "ఆకలి గట్టిగ ఉన్నది. బతికేదే తమ్మీ" అన్నాడు.

ఇంటామె దాన్ని చూసి, "మొగదా?" అని ఒక్క మాటే అంది. తర్వాత ఉప్పునీళ్లలో తవుడు కలిపి దాని ఒళ్లంతా రుద్దింది, బర్రె నాకుతుందని. బర్రె ఉప్పు నాకింది. దూడ ఆశగా పొదుగు దగ్గరికి పోగానే తోక వైపు వాసన చూసి, కొమ్ముతో ఎత్తి గోడకు వేసింది. సాయంత్రం దాకా నాలుగుసార్లు ప్రయత్నించాము. నాలుగుసార్లూ అంతే. ఆ రాత్రికి డాక్టరమ్మ ఇచ్చిన సీసాతో దూడకు పాలు పట్టి వచ్చాము.

మర్నాడు పొద్దున ముగ్గురమూ వెళ్లాము. డాక్టరమ్మ పొదుగు చూస్తోంది. అటెండర్ మాత్రం గోడకు ఆనుకుని బర్రె ముఖాన్నే చూస్తున్నాడు. కాసేపటికి, "అది అరుస్తున్నది మూలను జూసి గాదు" అన్నాడు. "గాలి అటు దిక్కు నుంచి వచ్చినప్పుడే అరుస్తున్నది. ఆడ ఏమున్నది?"

ఆ మూల పైన ప్రహరీ గోడ మీద, దూడను రుద్దిన గోనెసంచి ఉంది. ఇంటామె కొట్టమంతా కడిగింది కాని దాన్ని కడగడానికి చేతులు రాక, అట్లాగే గోడ మీద వేసింది. ఉమ్మనీరు ఎండి అట్ట కట్టుకుపోయింది.

"దింపుండ్రి" అంది డాక్టరమ్మ.

గోరువెచ్చటి నీళ్లు చల్లి మెత్తబరిచాము. దూడ నడుము మీంచి తోక దాకా కప్పి, పురికొసతో కట్టాము. బర్రె తల్లి బిడ్డను గుర్తుపట్టేది ముఖం చూసి కాదు. బిడ్డ పాలు తాగుతుంటే తల వెనక్కి తిప్పి దాని తోక దగ్గర వాసన చూస్తుంది. అందుకని సంచి అక్కడికి రావాలని డాక్టరమ్మ తానే సర్దింది. దూడ బెదిరి నా కాళ్ల మధ్య దూరింది. నెట్టాను.

బర్రె కొమ్ము దించింది. ఊపిరి పెద్దగా తీసింది. ఇంకోసారి తీసింది. ఐదు రోజులుగా అరిచి బొంగురుపోయిన ఆ గొంతులోంచి, నోరు తెరవకుండా, లోపల్నుంచి చిన్న శబ్దం వచ్చింది. ఈనిన తర్వాత బిడ్డతో తప్ప ఇంకెవరితోనూ బర్రె ఆ గొంతుతో మాట్లాడదు. నాకడం మొదలుపెట్టింది. దూడ వణుకుతూనే పొదుగు కిందికి దూరి చన్ను అందుకుంది. ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత చన్నులు నాలుగూ నిండుగా బిగిశాయి, దూడ మూతి రెండు పక్కలా నురగ కారింది.

"చేపింది" అన్నాడు అటెండర్.

ఇంటామె ముఖం చెంగులో పెట్టుకుంది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "అంకుల్, మీ షర్టు మొత్తం ఖరాబైంది" అంది. ఐదు రోజుల తర్వాత నన్ను అంకుల్ అనడం అదే.

ఆ సంచిని ఇంటామె రోజుకు రెండు వేళ్ల మేర చొప్పున కత్తిరిస్తూ పోయింది. పదో రోజుకు తోక దగ్గర అరచేయంత ముక్క మిగిలింది. అదీ తీసేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. బర్రె వాసన చూసి, ఒక క్షణం ఆగి, నాకింది. అప్పటికి దూడ ఒంట్లోంచి వచ్చేది ఆ బర్రె పాల వాసనే.

ఆ తర్వాత ఏడాదిన్నర, ఇంటికి పోయే దారి కాకపోయినా, రోజూ సాయంత్రం అటు తిరిగి వెళ్లేవాణ్ని. పని ఉండేది కాదు. దూడ నా వేలు గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చేది. పెరిగాక అది తోస్తే నేను పడిపోయేవాణ్ని. ఇంటామె టీ ఇచ్చేది. ప్రతిసారీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

నా పదవీ విరమణకు ముందు ఏడాది ఆ ప్లాటు యజమాని ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. అదే సమయానికి మా సంఘంలో పాలు పోసేవాళ్లు పదిమంది కూడా మిగల్లేదు. ఇంటామె వాళ్లు జనగామ దగ్గరి సొంత ఊరికి పోవాలనుకున్నారు. వ్యాను వచ్చిన రోజు బర్రెను, దూడను ఎక్కించడానికి వెళ్లాను. ఎక్కించాక ఆమెను పక్కకు పిలిచి చెప్పాను.

"ఆ రోజు తప్పు నాదమ్మా. తల చూడకుండ గుంజిన. డాక్టరమ్మకు అబద్ధం జెప్పిన. దేవుని నిర్ణయం గాదు."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎరుకే సార్" అంది. "తల తగిలింది అని మీరు ఫోన్ల చెప్పినప్పుడు మీ చెయ్యి బయటనే ఉండె. సబ్బు పెట్టుకుంటున్నరు. నీళ్లు వోసింది నేనే గద."

"మరి ఏనాడూ అడగకపోతివి" అన్నాను.

"మూడు దినాలు బర్రె అరుస్తుంటే మిమ్ముల మస్తు తిట్టుకున్న. అడుగుదామనే ఉండె. గంతల మీరు ఈ మొగదాన్ని ఒళ్లె పెట్టుకొని వచ్చిన్రు. అడిగితే మల్ల రాకపోదురు." చెంగు నడుముకు దోపుకుంది. "మర్సిపోలే సార్. ఆ పెయ్య బతికుంటే ఇంకో ఏడాదికి ఎదకొస్తుండె అని ఇయ్యాల పొద్దుగాల గూడ అనుకున్న. గట్లనే మీరు మంచోళ్లనీ అనుకున్న. రెండూ అనుకుంట."

వ్యాను కదిలింది. దూడ వెనక తలుపు మీంచి తల బయటికి పెట్టి చూస్తోంది.

మొన్న ఎండాకాలం ఆమె ఫోన్ చేసింది. బర్రె మళ్లీ ఈనిందట. ఈసారి ఆడ దూడ. పొలం గట్టు మీద మేస్తూ మేస్తూ, ఎవరూ లేనప్పుడు తానే ఈనిందట. "ఎవ్వలం చెయ్యి పెట్టలే సార్" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఓసారి వచ్చి చూసిపొమ్మంది. వస్తానన్నాను.

మొగ దూడ సంగతి ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఆ వయసు వచ్చిన మొగ బర్రెలు ఎటు పోతాయో ముప్పై నాలుగేళ్లు ఈ పని చేసినవాడికి తెలుసు. ఊరికి ఒక దున్నపోతు చాలు, దాన్నే ఉంచుకుని ఉండవచ్చు కూడా. వెళ్తే తెలుస్తుంది. ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

జనగామ బస్సు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆగుతుంది. రెండుసార్లు వెళ్లి నిలబడ్డాను. రెండుసార్లూ బస్సు వచ్చింది, పోయింది.